ఇంటి అద్దె ఎంతో అమెరికా ప్రభుత్వం ఎలా లెక్కకడుతుంది? హౌసింగ్ ఆఫీసులో పని చేసిన అనుభవంతో ఒక జవాబు

డాలస్ శివారులో మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు అద్దెకిస్తున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "వోచరు ఉన్న ఒక కుటుంబం మా ఇల్లు చూసి ఇష్టపడింది. నెలకు 2,200 డాలర్లు అడిగాను. హౌసింగ్ అథారిటీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఫెయిర్ మార్కెట్ రెంట్ ప్రకారం అంత కుదరదన్నారు. మా పక్కింటికి 2,300 వస్తోంది. మార్కెట్లో లేని రేటుకు మార్కెట్ రేటు అని పేరెందుకు? ఆ అంకెను ఎవరు, ఎలా తేలుస్తారు?"

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఇంటి అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే పథకం వోచరు, దాన్ని స్థానికంగా నడిపే ప్రభుత్వ సంస్థ హౌసింగ్ అథారిటీ. నేను టెక్సస్‌లో ఒక హౌసింగ్ అథారిటీలో చాలా ఏళ్ళు వోచర్ల విభాగంలో పనిచేశాను. మొదట ఇళ్ళ తనిఖీ, తర్వాత అద్దెల పరిశీలన, చివరి కొన్నేళ్ళు వోచరు పరిమితులు నిర్ణయించే పని. మీ ప్రశ్న కొంచెం కోపంతో అడిగారని తెలుస్తోంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు కానీ, అది తగలవలసిన చోట తగలడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఆ అంకె మీ ఇంటికి కట్టిన ధర కాదు. మీరు ఇంతే అద్దె తీసుకోవాలని చెప్పే ఆజ్ఞ అసలే కాదు. మీ ప్రాంతంలో ఈమధ్య ఇల్లు మారినవాళ్ళు కరెంటు, గ్యాస్, నీళ్ళ ఖర్చుతో కలిపి నెలకు ఎంత కడుతున్నారో సర్వే ద్వారా తెలుసుకుంటారు. ఆ మొత్తాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేరిస్తే నూటికి నలభయ్యో స్థానంలో నిలిచే అంకె ఫెయిర్ మార్కెట్ రెంట్. వాషింగ్టన్‌లోని గృహనిర్మాణ శాఖ, అంటే అందరూ హడ్ అని పిలిచే శాఖ, ప్రతి సంవత్సరం దీన్ని ప్రకటిస్తుంది. అక్టోబరు 1 నుంచి కొత్త అంకె అమలులోకి వస్తుంది. మీ 2,200ను ఆపింది చాలావరకు ఈ అంకె కాదు. దాని తర్వాత వచ్చే మూడు లెక్కలు. వాటి దగ్గరికి వస్తాను.

"ఫెయిర్" అనే మాట మన తెలుగువాళ్ళను ఎక్కువగా తికమక పెడుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు అద్దెకిచ్చిన కుటుంబాల్లో పెరిగినవాళ్ళకు ఆ మాట వినగానే రెంట్ కంట్రోలరు గుర్తొస్తాడు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టంలో కంట్రోలరు సముచిత అద్దె నిర్ణయించేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెలను కూడా చూడాలని రాశారు. అక్కడ "సముచితం" అంటే యజమాని దాటకూడని గీత. ఇక్కడ అర్థం వేరు. అమెరికా చట్టంలో ఈ అంకె ప్రభుత్వం తన జేబులోంచి ఎంతవరకు ఇవ్వాలో చెప్పే కొలబద్ద. వోచరు లేని మనిషికి మీరు మీ ఇంటిని ఎంతకైనా ఇవ్వవచ్చు. పైగా టెక్సస్‌లో 2015 చట్టం ప్రకారం, వోచరు ఉన్నవాళ్ళను తిరస్కరించకూడదని నగరాలు యజమానులను నిర్బంధించడానికి వీల్లేదు, మాజీ సైనికుల విషయంలో తప్ప. అంటే మీరు ఈ పథకంలోకి వచ్చింది మీ ఇష్టంతోనే.

ఇక లెక్క. ఇందులో ఏ మర్మమూ లేదు. హడ్ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాంతానికీ ఏ మెట్టులో ఏ అంకె వాడారో చూపించే పుట ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు. నేను కొన్ని అంకెలు వేసి చూపిస్తాను. ఇవి మీ ప్రాంతపు అసలు అంకెలు కావు, దారి అర్థం కావడానికి నేను ఎంచుకున్నవి.

మొదటి మెట్టు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. ఏ ప్రాంతంలోనైనా లెక్క అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అద్దె ఇళ్ళలో అవే ఎక్కువగా దొరుకుతాయి, సర్వేలో నమూనా బలంగా ఉంటుంది. సెన్సస్ బ్యూరో ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు అమెరికన్ కమ్యూనిటీ సర్వే పంపుతుంది. ఐదేళ్ళ జవాబులను కలిపి, హడ్ కోసం ప్రత్యేకంగా పట్టికలు తయారుచేస్తుంది. 2025 ఆర్థిక సంవత్సరపు అంకెలకు వాడింది 2018 నుంచి 2022 వరకు వచ్చిన జవాబులు. వాటిలోంచి కొన్ని ఇళ్ళను పక్కన పెడతారు. వంటగది గానీ, స్నానాల గది సౌకర్యం గానీ సరిగా లేనివి, డబ్బు తీసుకోకుండా చుట్టాలకు ఇచ్చినవి, అద్దెలో భోజనం కలిసి ఉన్నవి, గత రెండేళ్ళలో కట్టిన కొత్తవి తీసేస్తారు. ప్రభుత్వ గృహాల అద్దెలు మార్కెట్ అద్దెలు కావు కాబట్టి అవి కలిసిపోకుండా, మరీ తక్కువగా ఉన్న అద్దెలనూ ఒక గీత గీసి వదిలేస్తారు. మిగిలినవాటిలో నలభయ్యో స్థానం 1,400 డాలర్లు అనుకుందాం.

రెండో మెట్టు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు కట్టే అద్దె, నిన్న ఇల్లు వెతుక్కున్నవాళ్ళు కట్టే అద్దె ఒకటి కావు. మంచి అద్దెదారును పోగొట్టుకోవడం ఇష్టంలేక యజమానులు ఏటా పెంచరు. మన ఇళ్ళలోనూ అంతే కదా, వేళకు కట్టే మనిషిని వదులుకోరు. కానీ వోచరు చేతిలో పట్టుకొని తిరిగే కుటుంబానికి ఆ పాత అద్దె దొరకదు. అందుకని ఈమధ్య మారినవాళ్ళ అద్దెలకూ మొత్తం అద్దెలకూ ఉన్న తేడాను నిష్పత్తిగా తీసి గుణిస్తారు. ఈ నిష్పత్తి ఒకటి కంటే తక్కువ రానివ్వరు. మన ఉదాహరణలో 1.08 అనుకుంటే 1,512 అవుతుంది.

మూడో మెట్టు, నాలుగో మెట్టు కాలాన్ని పట్టుకోవడానికి. సర్వే ముగిసిన ఏడాది నుంచి ఆ తర్వాతి ఏడాదికి అద్దెలు, ఇంధన ఖర్చులు ఎంత పెరిగాయో ధరల సూచీ చూసి పెంచుతారు. తర్వాత, అంకె అమలయ్యే సంవత్సరానికి ఎంత పెరగవచ్చో అంచనా వేసి ఇంకొంత కలుపుతారు. 1.05తో గుణిస్తే 1,588. దాన్ని 1.03తో గుణిస్తే 1,635. ఇదీ మెట్రో ప్రాంతానికి, అంటే నగరానికీ దాని శివార్లకూ కలిపి, డబుల్ బెడ్‌రూమ్ అంకె.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ లెక్కకు ఉన్న అతి పెద్ద బలహీనత ఆలస్యం. 2021, 2022లలో అద్దెలు ఒక్కసారిగా ఎగిసినప్పుడు మా ఆఫీసు గుమ్మం దగ్గర పరిస్థితి ఏమిటో నాకు బాగా గుర్తుంది. వోచరు చేతికి వచ్చిన కుటుంబానికి ఇల్లు వెతుక్కోవడానికి కొన్ని వారాల గడువు ఉంటుంది. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. ఆమె దగ్గర ఒక పాఠం పుస్తకం సైజు నోటుబుక్కు ఉండేది. అందులో గీతలు గీసుకొని ఫోను చేసిన ప్రతి ఇంటి చిరునామా, అడిగిన అద్దె, తిరస్కరించిన కారణం రాసుకుంది. అరవైకి పైగా ఇళ్ళు. చాలావాటి పక్కన ఒకే మాట, "ఎక్కువ". గడువు పొడిగించమని అడగడానికి వచ్చి ఆ పుస్తకం నా బల్ల మీద పెట్టింది. ఏళ్ళ తరబడి నిరీక్షణ జాబితాలో ఉండి తెచ్చుకున్న వోచరు అది. సర్వేలో పాత అద్దెలు ఉన్నాయని, సూచీ ఇంకా అందుకోలేదని ఆమెకు చెప్పి ఏం లాభం? గడువు పొడిగించాం. ఆ కథ అలా అక్కడితో ఆగింది గానీ, ఆ పుస్తకం నేను మరిచిపోలేదు.

ఆ సమయంలోనే హడ్ పద్ధతి మార్చుకుంది. కరోనా వల్ల 2020 సర్వే జవాబులు సరిగా రాలేదు, ఆ ఏడాది పట్టిక ఎప్పటిలా వెలువడలేదు. అందుకని 2023 ఆర్థిక సంవత్సరం నుంచి ప్రైవేటు సంస్థల అద్దె లెక్కలనూ, అవి తగినన్ని దొరికే ప్రాంతాల్లో, ధరల సూచీతో కలిపి వాడడం మొదలుపెట్టింది. రియల్‌పేజ్, మూడీస్, కోస్టార్, కోర్‌లాజిక్, అపార్ట్‌మెంట్ లిస్ట్, జిల్లో సంస్థలవి ఆ లెక్కలు. ఆ ఏడాది ఫెయిర్ మార్కెట్ రెంట్ దేశమంతటా సగటున సుమారు 10 శాతం పెరిగింది. ఇది మంచి మార్పే. అయితే ప్రైవేటు లెక్కలు ఎక్కువగా ప్రకటనల్లో అడిగిన అద్దెలు, పెద్ద కాంప్లెక్సుల అద్దెలు. మీలాంటివాళ్ళ విడి ఇళ్ళు వాటిలో తక్కువ. అందుకే వాటిని ఒంటరిగా వాడకుండా సూచీతో కలపడం సబబని నా అభిప్రాయం.

తర్వాత బెడ్‌రూమ్‌ల లెక్క. డబుల్ బెడ్‌రూమ్‌కూ మూడు బెడ్‌రూమ్‌లకూ మీ ప్రాంతంలో ఉన్న నిష్పత్తిని సర్వేలోంచే తీస్తారు. 1.20 అనుకుంటే 1,962 వస్తుంది. దాని మీద మూడు బెడ్‌రూమ్‌లకు 8.7 శాతం, నాలుగు బెడ్‌రూమ్‌లకు 7.7 శాతం అదనంగా కలుపుతారు. పెద్ద కుటుంబాలకు ఇళ్ళు దొరకడం కష్టం కాబట్టి ఈ ఊతం. అప్పుడు 2,133. నాలుగు దాటితే ఒక్కో గదికి 15 శాతం కలుపుతారు.

ఇక్కడితో అయిపోయేది, మీ ఇల్లు వేరే చాలా ఊళ్ళలో ఉంటే. కానీ మీది డాలస్ ప్రాంతం. ఇక్కడ జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) వారీగా అంకె మారుతుంది, దీనికి దేశంలో తొలి చోటు డాలసే.

దాని వెనుక కథ తెలియకపోతే ఈ విషయం సగమే తెలిసినట్టు. 2011కు ముందు డాలస్ మెట్రో అంతటికీ ఒకే అంకె. ఉత్తరాన ఉన్న ఖరీదైన శివారు ప్లానోలోనూ అదే, అద్దెలు తక్కువగా ఉండే దక్షిణ డాలస్‌లోనూ అదే. ఫలితం ఏమవుతుందో ఊహించవచ్చు. ఆ అంకెతో ప్లానోలో ఇల్లు దొరకదు. దక్షిణ డాలస్‌లో మాత్రం అసలు అద్దె కంటే ఆ అంకె ఎక్కువ. వోచరు కుటుంబాలన్నీ ఒకే వైపుకు చేరేవి. ఆ పేటల్లోని కొందరు యజమానులకు మార్కెట్ కంటే మించిన అద్దె అందేది. పిల్లల చదువు కోసం ఉత్తరాన ఇల్లు కావాలని అడిగిన కుటుంబాలకు ఖాళీ చేతులే మిగిలేవి. ఇన్‌క్లూజివ్ కమ్యూనిటీస్ ప్రాజెక్ట్ అనే డాలస్ సంస్థ 2007లో హడ్ మీద కోర్టుకు వెళ్ళింది. 2010లో రాజీ కుదిరింది. ఆ రాజీ ప్రకారం 2011 నుంచి డాలస్ ప్రాంతంలో జిప్ కోడ్ వారీగా అంకెలు వచ్చాయి.

దాని ప్రభావాన్ని రాబర్ట్ కొలిన్‌సన్, పీటర్ గానాంగ్ అనే ఆర్థికవేత్తలు పరిశోధించారు. ప్రాంతమంతటా ఒకే విధంగా పరిమితిని ఒక డాలరు పెంచితే అద్దెలు 46 సెంట్లు పెరిగాయి, కుటుంబాలు మెరుగైన పేటలకు మారింది మాత్రం చాలా తక్కువ. డాలస్‌లోలాగా జిప్ వారీగా మార్చినప్పుడు మాత్రం, ప్రభుత్వానికి మొత్తం మీద ఖర్చు పెరగకుండానే, కుటుంబాలు మెరుగైన పేటలకు చేరాయి. నేను కళ్ళారా చూసింది కూడా అదే. 2016లో వచ్చిన నియమంతో 24 మెట్రో ప్రాంతాలకు ఈ పద్ధతి తప్పనిసరి అయింది. దాన్ని వాయిదా వేయాలని హడ్ చేసిన ప్రయత్నాన్ని 2017 చివర్లో కోర్టు ఆపింది. తర్వాత 2025 ఆర్థిక సంవత్సరం నుంచి మరో 41 ప్రాంతాలు చేరాయి.

జిప్ అంకె ఎలా వస్తుందంటే, ఆ జిప్‌లోని అద్దెకూ మెట్రో మొత్తం అద్దెకూ ఉన్న నిష్పత్తితో గుణిస్తారు. మెట్రో అంకెకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వరు. దగ్గరి పదికి సవరిస్తారు. మీ జిప్ నిష్పత్తి 0.95 అనుకుంటే మన 2,133 కాస్తా 2,030 అవుతుంది. ఫ్రిస్కోలాంటి మరో శివారులోని ఇంటికి ఉన్న అంకె మీకెందుకు రాదంటే ఇదే కారణం. కౌంటీ ఒకటే అయినా జిప్ వేరయితే అంకె వేరు.

చివరగా రెండు రక్షణలు. ఏ ప్రాంతపు అంకె అయినా ఏడాదిలో 10 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. రాష్ట్రపు గ్రామీణ ప్రాంతాల అద్దెల ఆధారంగా ఒక కనీస మొత్తం ఉంటుంది, దానికి దిగువకు పోకూడదు. చిన్న కౌంటీల్లో సర్వే జవాబులు వందకు తగ్గితే ఆ ఏడాది అంకెను నమ్మరు. పాత ఏళ్ళ సగటునో రాష్ట్ర స్థాయి అంకెనో వాడతారు. మీ విషయంలో ఇవి అవసరం రావు.

నలభయ్యో స్థానమే ఎందుకు, యాభయ్యోది ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. 1974లో పథకం మొదలైనప్పుడు సగం, అంటే యాభయ్యో స్థానమే. 1980లలో 45కు దించారు. 1995 నుంచి 40. పూర్తిగా బడ్జెట్ లెక్కే ఇది. ఉన్న డబ్బుతో ఎక్కువ కుటుంబాలకు కొంచెం తక్కువగా ఇవ్వాలా, తక్కువ కుటుంబాలకు హాయిగా ఇవ్వాలా అన్న ప్రశ్నకు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్, హడ్ ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పాయి. వోచర్లు ఇప్పుడు దేశంలో సుమారు 23 లక్షల కుటుంబాలకు అందుతున్నాయి. అర్హత ఉండి అందనివాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ. మీ వీధిలో పేరున్న ఇల్లు అరవయ్యో స్థానంలోనో డెబ్బయ్యో స్థానంలోనో ఉంటే దాని అద్దె ఈ అంకె దాటడం సహజం. పక్కింటి 2,300 అబద్ధం కాదు, ఈ అంకె కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు మీ 2,200 ఎక్కడ ఆగిందో చూద్దాం.

మొదటిది వోచరు పరిమితి. హడ్ ఇచ్చిన అంకెకు 90 నుంచి 110 శాతం మధ్య ఎక్కడ నిలవాలో స్థానిక హౌసింగ్ అథారిటీ నిర్ణయించుకుంటుంది. ప్రత్యేక అనుమతితో ఇంకా పైకి వెళ్ళవచ్చు. మీ ఆఫీసు 105 శాతం పెట్టిందనుకుంటే 2,030 మీద 2,131 అవుతుంది. హడ్ అంకె కన్నా మీకు పని ఉన్నది ఈ అంకెతో. ఇంకో మాట. కుటుంబానికి మూడు బెడ్‌రూమ్‌ల వోచరు ఉండి, మీరు నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఇస్తే, లెక్కకు వచ్చేది మూడింటి పరిమితే. పెద్ద ఇళ్ళు కొన్న మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

రెండోది బిల్లుల భత్యం, అంటే అద్దెదారు కట్టే కరెంటు, గ్యాస్, నీళ్ళ బిల్లులకు ఆఫీసు వేసే అంచనా. ఇది యజమానులకు అస్సలు తెలియని లెక్క. 2,131 అనేది మీకు వచ్చే అద్దె కాదు, అద్దె ప్లస్ బిల్లులు. ఫోను, కేబుల్, ఇంటర్నెట్ దీనిలోకి రావు. మిగతావన్నీ వస్తాయి. మా ఆఫీసులో ఒక ఫారం ఉండేది. ఇంట్లోకి వెళ్ళిన మనిషి దాని మీద గుర్తులు పెట్టుకుంటూ వస్తాడు. ఇల్లు వేడి చేయడం గ్యాస్‌తోనా కరెంటుతోనా, పొయ్యి దేనిది, నీళ్ళు కాచే ట్యాంకు దేనిది, ఏసీ ఉందా, మంచినీళ్ళు, మురుగునీరు, చెత్త ఛార్జీ ఎవరు కడతారు, ఫ్రిజ్ ఎవరిది, పొయ్యి ఎవరిది. ప్రతిదానికీ పక్కన డాలర్లు. అన్నీ అద్దెదారు మీదే పెట్టారనుకుందాం. మొత్తం 290 వచ్చిందనుకుందాం.

మూడోది కుటుంబం కట్టగలిగే వాటా. కొన్ని మినహాయింపులు పోగా సవరించిన నెల ఆదాయం 2,400 డాలర్లయితే అందులో 30 శాతం, అంటే 720, కుటుంబం భరించాలి. మిగిలిన 1,411 ప్రభుత్వం ఇవ్వగలిగే గరిష్ఠం. పరిమితి కంటే అద్దె ఎక్కువైతే తేడా కుటుంబమే కట్టుకోవచ్చు. అయితే కొత్తగా చేరేటప్పుడు వాళ్ళ మొత్తం భారం ఆదాయంలో 40 శాతం దాటకూడదు. ఇక్కడ ఆ 40 శాతం 960. ఇప్పుడు మీ 2,200కు బిల్లులు 290 కలపండి, 2,490. అందులో 1,411 పోగా కుటుంబం మీద 1,079 పడుతుంది. 960 దాటింది. అందుకే ఆపేశారు. ఇదే లెక్కలో మీకు రాగల గరిష్ఠ అద్దె 2,081. దానిలో 1,411 ఆఫీసు నుంచి నేరుగా మీ ఖాతాకు వస్తుంది, 670 కుటుంబం ఇస్తుంది.

ఈ లెక్క చేతికి వచ్చాక దారులు కనిపిస్తాయి. నీళ్ళు, మురుగు, చెత్త బిల్లులు మీరే కడతానని ఒప్పందం మార్చుకుంటే భత్యం తగ్గి మీ అద్దెకు చోటు పెరుగుతుంది. ఫ్రిజ్, పొయ్యి మీరే పెట్టినా అంతే. నాకు తెలిసిన ఒక తెలుగు దంపతులు అద్దె తగ్గించమనేసరికి బాధపడి వోచరు కుటుంబాన్ని వదిలేయబోయారు. ఆఫీసుకు వచ్చి కూర్చుంటే ఫారం తిరగేసి చూశాం. ఇంట్లో ఫ్రిజ్ వాళ్ళదే, ఫారంలో మాత్రం అద్దెదారుది అని గుర్తు పెట్టి ఉంది. నీళ్ళ బిల్లు కూడా యజమాని పేరు మీదే వస్తోంది. రెండూ సరిచేసేసరికి వాళ్ళు అడిగినదానికి చాలా దగ్గరకు వచ్చింది.

ఇన్ని దాటినా ఇంకొక తనిఖీ ఉంటుంది. మీరు అడిగే అద్దె వోచరు లేని ఇలాంటి ఇళ్ళ అద్దెతో సరితూగాలి. ఇది హడ్ అంకెతో సంబంధం లేని పరీక్ష. వోచరు పరిమితి 2,131 ఉన్నా మీ వీధిలో ఇలాంటి ఇళ్ళు 1,800కే పోతుంటే 1,800 దగ్గరే ఆగుతుంది. మీరు పక్కింటి 2,300 చెప్పారు కదా, అది ఇక్కడ పనికొస్తుంది. నోటిమాటగా మాత్రం కాదు. ఇలాంటి విస్తీర్ణం, ఇలాంటి వయసు, ఇలాంటి సౌకర్యాలు ఉన్న, ఈమధ్య అద్దెకు పోయిన మూడు ఇళ్ళ వివరాలు కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఆఫీసు మనిషికి మీరు ఇచ్చే కాగితం అతని పని తేలిక చేస్తుంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, కాగితం తెచ్చిన యజమాని మాట నిలబడుతుంది.

ఒక హెచ్చరిక. ఒప్పందంలో లేని డబ్బు అద్దెదారు దగ్గర చేతికి తీసుకోవద్దు. "ఆఫీసు 2,081 అంది, మిగతా వందా నూటిరవై నగదుగా ఇవ్వండి" అన్న యజమానులను నేను చూశాను. అది పథకం నియమాలకు విరుద్ధం. బయటపడితే డబ్బు తిరిగి ఇవ్వాలి, మళ్ళీ ఈ పథకంలో చోటు ఉండకపోవచ్చు. అంతకంటే ముఖ్యం, ఆ వంద ఆ ఇంట్లో పిల్లల తిండిలోంచో బడి ఖర్చులోంచో వస్తుంది.

మొదటి ఒప్పంద కాలంలో అద్దె పెంచడానికి వీలుండదు. తర్వాత పెంచాలనుకుంటే కనీసం 60 రోజుల ముందు ఆఫీసుకు రాతపూర్వకంగా తెలపాలి. కొత్త అంకెలు సాధారణంగా సెప్టెంబరు మొదటికల్లా బయటికి వస్తాయి కాబట్టి, ఆ పుట చూసుకొని అడగడం మంచిది.

హడ్ అంకె నిజంగానే మీ ప్రాంతానికి తప్పని అనిపిస్తే దాన్ని తిరిగి పరిశీలించమని అడిగే దారి ఉంది. అయితే ఒక యజమాని అడిగితే కుదరదు. ఆ ప్రాంతంలోని వోచర్లలో సగానికి తగ్గకుండా నడిపే హౌసింగ్ అథారిటీలు కలిసి అడగాలి, తమ ఖర్చుతో స్థానిక సర్వే చేయించి ఆధారాలు ఇవ్వాలి. ఖర్చుతో, సమయంతో కూడిన పని. అయినా కొన్ని ప్రాంతాలు చేశాయి.

దాని కంటే తేలికైన పని ఒకటి ఉంది, మన చేతిలోనే. సెన్సస్ బ్యూరో నుంచి తెల్లకవరులో వచ్చే ఆ సర్వే. చాలా తెలుగు ఇళ్ళలో అది ప్రకటనల కాగితాలతో కలిసి చెత్తబుట్టలో పడడం నేను చూశాను. కొందరు ఇమ్మిగ్రేషన్‌కు సంబంధించిందేమోనని భయపడి దాస్తారు. దానికి జవాబివ్వడం చట్టం ప్రకారం బాధ్యత, జవాబులు గోప్యంగా ఉంచడం బ్యూరో బాధ్యత. అందులో అడిగేవాటిలో ఈ అద్దె లెక్కకు పనికొచ్చేవి ఇవి. ఈ ఇంట్లోకి ఏ నెలలో వచ్చారు, ఎన్ని బెడ్‌రూమ్‌లు, నెల అద్దె ఎంత, పోయిన నెల కరెంటు బిల్లు ఎంత, గ్యాస్ ఎంత, ఏడాది నీళ్ళ ఖర్చు ఎంత. పైన నేను చెప్పిన 1,400, 1.08 ఈ జవాబుల్లోంచే పుడతాయి. ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో కొత్తగా దిగిన తెలుగు కుటుంబం కట్టే అద్దె ఈ లెక్కలోకి ఎక్కకపోతే, ఆ జిప్ అంకె పాత అద్దెల వైపే వంగి ఉంటుంది. అక్కడికి రావాలనుకున్న మరొక కుటుంబానికి ఆ మేరకు తలుపు మూసుకుపోతుంది.

మీరు ఇంటి చిరునామా రాయకుండా, జిప్ కోడ్, ఇంటి వయసు, ఏ బిల్లు ఎవరు కడుతున్నారు, ఫ్రిజ్, పొయ్యి ఎవరివి అన్న వివరాలు మాత్రం రాయండి. ఆఫీసు ఇచ్చిన బిల్లుల భత్యం కాగితం ఉంటే అందులోని అంకెలు కూడా. మీ అసలు అంకెలతో ఈ లెక్క మొత్తం మళ్ళీ వేసి, ఎంతకు దరఖాస్తు మార్చి పెడితే ఒప్పుకుంటారో చెబుతాను. ఆ కుటుంబం వోచరు గడువు ఎప్పటికి ముగుస్తుందో కూడా అడిగి తెలుసుకోండి. వాళ్ళకు మిగిలిన రోజుల్ని బట్టి మీరు త్వరపడవలసి ఉంటుంది.